దుబాయ్‌కి కొత్తగా వచ్చే మన ఉద్దానం తమ్ముళ్లకు

సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి వెల్డింగ్, ఫిట్టింగ్ పనుల మీద వస్తున్న తమ్ముళ్లూ, సిమ్ కార్డు గురించి, ఐడీ గురించి క్యాంపులో ఎవరైనా చెప్తారు. ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది.

వచ్చిన కొత్తలో కొందరికి ఉన్నట్టుండి చుట్టూ ఉన్నదేదీ నిజం కాదనిపిస్తుంది. తమ చేతులే తమవి కానట్టుంటాయి. ఫోర్‌మన్ మాట వినబడుతుంది గానీ బుర్రకెక్కదు. సైటుకి బస్సులో ఎలా వచ్చారో గుర్తుండదు. ఇంటికి ఫోన్ చేసి చెబితే, ఎవరో చిల్లంగి పెట్టారని అమ్మ ఏడుస్తుంది. చిల్లంగీ కాదు, పిచ్చీ కాదు. డాక్టర్లు దీన్ని డిసోసియేషన్ అంటారు. తట్టుకోలేనంత భయమో దిగులో మీద పడి, తప్పించుకునే దారి కనబడనప్పుడు మెదడు మనిషిని ఆ బాధ నుంచి కాసేపు పక్కకి తప్పిస్తుంది. చాలామందికి కాసేపట్లో అదే సర్దుకుంటుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫానుకి వణికిపోయిన పిల్లలు ఇప్పుడు పనికొచ్చే వయసువాళ్లు. జీడి, కొబ్బరి తోటలు పోయి, అప్పుచేసి ఏజెంటుకి కట్టి వచ్చినవాళ్లున్నారు. సైటులో పెద్ద గాలి లేస్తే చాలు, ఆ రాత్రి మళ్లీ కమ్ముకోవచ్చు. నిద్ర లేకపోతే, వడ్డీ బెంగ తోడైతే మరీను.

అలా ఉన్నప్పుడు స్కాఫోల్డింగ్ ఎక్కకండి, గ్రైండర్ పట్టకండి. డ్యూటీ పోతుందని చూడొద్దు, ప్రాణం పోతుంది. కళ్లు తిరుగుతున్నాయనైనా సేఫ్టీ ఆఫీసర్‌కి చెప్పి దిగిపోండి. కాళ్లు నేలకి గట్టిగా అదమండి, ముఖాన చన్నీళ్లు కొట్టుకోండి, మీ పేరు, తేదీ, ఉన్న చోటు పైకి చెప్పుకోండి. ఎదురుగా కనబడే ఐదు వస్తువుల పేర్లు చెప్పండి. పక్కనున్నవాళ్లు పట్టుకుని కుదపకుండా పేరుపెట్టి నెమ్మదిగా పిలవాలి.

ఎండలో ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, తలకి దెబ్బ తగిలాక ఇలా అయినా, ఫిట్స్ వచ్చినా సంగతి వేరు. వెంటనే 998కి ఫోన్ చేసి అంబులెన్సు పిలవండి.

ఊళ్లో కొన్న నిద్రమాత్రలు పెట్టెలో పెట్టుకు రాకండి. అల్‌ప్రజోలామ్ లాంటి వాటికి ఇక్కడి ప్రభుత్వ అనుమతి ముందే తీసుకోవాలి, లేదంటే కేసులో ఇరుక్కుంటారు. గంజాయి జోలికి అసలే వెళ్లొద్దు, అది ఈ స్థితిని తెచ్చిపెట్టగలదు కూడా.

మాటిమాటికీ వస్తుంటే ఇన్సూరెన్స్ కార్డు పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. దీనికి ముఖ్యమైన వైద్యం మాటలతోనే జరుగుతుంది. చచ్చిపోవాలనిపిస్తే ఆ రాత్రి ఒంటరిగా పడుకోకండి, రూమ్‌మేటుని లేపండి. ఇంటి దగ్గర కంగారుపడుతున్నవాళ్లు మన ప్రభుత్వం మానసిక సమస్యల కోసం నడిపే టెలీ మానస్‌కి, 14416 నంబరుకి ఫోన్ చేసి తెలుగులోనే అడగొచ్చు, డబ్బులు పడవు.