యాప్‌లో బగ్ (లోపం) ఉందని చెప్తే "రీస్టార్ట్ చేయండి" అంటున్నారా?
కస్టమర్ కేర్‌లో మొదట జవాబిచ్చేవాళ్ల ముందు సాధారణంగా ఒక స్క్రిప్ట్ ఉంటుంది. క్యాష్ (cache, యాప్ తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లు) క్లియర్ చేశారా, యాప్ అప్‌డేట్ చేశారా... అదంతా అయితే గానీ మన గోడు డెవలపర్ల దాకా వెళ్లదు. పాపం, కస్టమర్ కేర్ వాళ్లనీ ఏమీ అనలేం. అందుకే వాళ్లు అడగబోయేవన్నీ మొదటి మెయిల్‌లోనే రాసేయండి: ఫోన్ మోడల్, యాప్ వెర్షన్, ఇప్పటికే చేసి చూసినవి, బగ్ వచ్చిన టైమ్. సర్వర్ లాగ్‌లో (కంపెనీ కంప్యూటర్లలో ఏం జరిగిందో నమోదయ్యే చిట్టాలో) వెతకాలంటే ఆ టైమే ఆధారం.

"యాప్ పనిచేయట్లేదు" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఇలా రాయండి: "ప్రొఫైల్‌లో అడ్రస్ మార్చి సేవ్ నొక్కాను. సేవ్ అయిందని మెసేజ్ వచ్చింది. బయటికెళ్లి మళ్లీ తెరిస్తే పాత అడ్రసే ఉంది. వైఫైలోనూ, మొబైల్ డేటాలోనూ ఇంతే." దీనికి స్క్రీన్ రికార్డింగ్ కూడా జోడిస్తే "మా దగ్గర బాగానే ఉందండీ" అని తప్పించుకోలేరు. అందులో ఓటీపీలు, ఖాతా నంబర్లు పడకుండా చూసుకోండి.

మీ టికెట్ (ఫిర్యాదు నమోదు) మూసేస్తే కొత్తది తెరవకుండా, వీలైతే పాతదానికే రిప్లై ఇవ్వండి.

అన్నట్టు, "క్లియర్ డేటా" నొక్కమంటే మాత్రం తొందరపడకండి. క్యాష్ వేరు, డేటా వేరు. ఫోన్‌లో మాత్రమే ఉన్న డ్రాఫ్టులు దాంతో పోతాయి.