మైనర్ లీగ్ బేస్‌బాల్ జట్టులో డబ్బు పెట్టే ముందు చూడాల్సిన లెక్కలు

ఐపీఎల్‌కి అలవాటుపడ్డవాళ్లు ముందుగా ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. అమెరికా మైనర్ లీగ్‌లో జట్టు యజమాని ఆటగాళ్లను కొనడు, వాళ్లకు జీతాలివ్వడు, ఎవరు ఆడాలో చెప్పడు. అదంతా ఆ జట్టును తన అనుబంధంగా పెట్టుకున్న, పైస్థాయి మేజర్ లీగ్ క్లబ్బు పని. జనం ఇష్టపడే కుర్రాడిని సీజన్ మధ్యలో పైకి పిలిపించుకున్నా యజమాని అడ్డుపడలేడు. యజమానికి దక్కేవి ముఖ్యంగా మూడు: మేజర్ లీగ్ అనుబంధ జట్టుగా ఆడే లైసెన్సు, స్టేడియం లీజు, సొంత మైదానంలో ఏడాదికి 66 నుంచి 75 ఆటల గేటు వసూళ్లు. 40కి పైగా జట్లున్న డైమండ్ బేస్‌బాల్ హోల్డింగ్స్ చేతిలో ఉన్నవీ ఇవే. 2021లో ఎండెవర్ అనే వినోద, క్రీడా సంస్థ మొదలుపెట్టిన ఆ కంపెనీని 2022లో సిల్వర్ లేక్ అనే పెట్టుబడి సంస్థ 28 కోట్ల డాలర్లకు తీసుకుంది. దాని షేర్లు మార్కెట్లో దొరకవు. మామూలు మదుపరికి మిగిలిన దారి ఒక ఊరి జట్టును కొనే భాగస్వాముల బృందంలో చేరడం.

మొదట లైసెన్సు తెప్పించుకుని చదవండి. 2021లో మేజర్ లీగ్ బేస్‌బాల్ అనుబంధ జట్లను 160 నుంచి 120కి తగ్గించి, 30 క్లబ్బులకు నాలుగేసి చొప్పున పంచింది. అప్పుడిచ్చిన లైసెన్సులు పదేళ్లవి, 2030 వరకే. ధర కట్టేటప్పుడు ఇంకా ఎన్ని సీజన్లు మిగిలాయో లెక్కేయండి. లైసెన్సు చేతులు మారాలన్నా మేజర్ లీగ్ ఒప్పుకోవాలి. అందుకని అడ్వాన్సు ఇచ్చేటప్పుడే, అనుమతి రాకపోతే డబ్బు వెనక్కి వచ్చేలా రాయించుకోండి. ప్రయాణ ఖర్చుల్లో మీ వంతు ఎంతో కూడా ఆ పత్రంలోనే చూసుకోవాలి.

తర్వాత లీజు. కొంపలు ఎక్కువగా మునిగేది ఇక్కడే. స్టేడియం చాలాచోట్ల నగరానిదో కౌంటీదో అయి ఉంటుంది. లైట్లు, ఆటగాళ్ల గదులు, బ్యాటింగ్ సాధనకు కప్పున్న వలగదులు, మహిళా సిబ్బందికి వేరే గదులు ఎలా ఉండాలో మేజర్ లీగ్ కొలతలు పెట్టింది. వాటిని అందుకోవడానికి అయ్యే ఖర్చు ఎవరిదో లీజులో ఒక్కో వస్తువు పేరుతో ఉండాలి. ‘మరమ్మతులు నగరానివి’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, లైటు స్తంభం మార్చడం మరమ్మతా, కొత్త నిర్మాణమా అన్న దగ్గరే గొడవ మొదలవుతుంది. పార్కింగ్ డబ్బు, స్టేడియం పేరు హక్కు, ఆటలు లేని రోజుల్లో కచేరీల అద్దె ఎవరికి వెళ్తాయో చూడండి. స్టేడియం ఎంత ముఖ్యమో మిసిసిపీ బ్రేవ్స్‌ని చూస్తే తెలుస్తుంది. 2024 సీజన్ అయ్యాక ఆ జట్టు మిసిసిపీలోని పెర్ల్ ఊరు వదిలి జార్జియాలోని కొలంబస్‌కు వెళ్లి క్లింగ్‌స్టోన్స్ అయింది. అక్కడ దానికోసం 1926 నాటి గోల్డెన్ పార్కును బాగుచేయించారు.

ఇక గేటు లెక్క. ప్రకటించే హాజరు అంటే అమ్మిన, పంచిన టికెట్ల సంఖ్య, లోపలికి వచ్చిన మనుషుల సంఖ్య కాదు. మీరు అడగాల్సింది గేటు దగ్గర స్కానయిన టికెట్ల లెక్క, మూడు సీజన్లది, ఆటవారీగా. ఉదాహరణకు ప్రకటన 4,500, స్కానయింది 3,500 అనుకోండి. రాని వెయ్యి మంది హాట్‌డాగ్ కొనరు, బీరు తాగరు. తలకు 12 డాలర్ల చొప్పున 61 ఆటలకు 7,32,000 డాలర్ల తిండి అమ్మకం లెక్కలోంచి ఎగిరిపోతుంది.

61 ఎందుకంటే, మైనర్ లీగ్‌లో పైనుంచి మూడో స్థాయి అయిన హై-ఎలో సొంత మైదానంలో ఆటలు 66 (దానిపైనున్న డబుల్-ఎలో 69, అన్నిటికన్నా పైనున్న ట్రిపుల్-ఎలో 75). ఐదు వానకు పోయాయనుకున్నాం. వానకు ఆగినదాన్ని మర్నాడు (మామూలు తొమ్మిదికి బదులు) ఏడేసి ఇన్నింగ్సుల రెండు ఆటలుగా కలిపి, సాధారణంగా ఒకే టికెట్ మీద ఆడిస్తారు. ఆట దక్కుతుంది కానీ ఒక గేటు వసూలు పోయినట్టే. సిరీస్ మామూలుగా మంగళవారం నుంచి ఆదివారం దాకా ఆరు ఆటలు. సగటు చూసి మురిసిపోకుండా ఏప్రిల్ మంగళవారాలను విడిగా తీయండి. బడులు నడుస్తుంటాయి, అమెరికా ఉత్తరాదిన చలి ఇంకా పోదు. జూలై శుక్రవారం బాణసంచా రాత్రితో వాటిని కలిపితే అసలు బొమ్మ కనపడదు.

ఒక సాయంత్రం స్వయంగా వెళ్లి మూడో ఇన్నింగ్స్‌లో తిండి కౌంటర్ దగ్గర నిలబడి, వరస చివరి మనిషికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. 2022లో పిచ్ క్లాక్ (బంతి విసరడానికి గడువు పెట్టే గడియారం) మైనర్ లీగ్ అంతటా గట్టిగా అమలయ్యాక ఆట సగటున 25 నిమిషాలు తగ్గింది. ఆటకు అది మేలే, అమ్మే సమయం మాత్రం తగ్గింది. పది నిమిషాలు నిలబడాల్సి వస్తే జనం సీటుకు వెళ్లిపోతారు. ఇంకో కార్డు మెషీను, ఇంకో మనిషి పెడితే తీరే లోటు అయితే, అది కొనేవాడికి లాభించే లోటు.

చివరికి తేదీ. సీజన్ టికెట్ల, స్పాన్సర్ల డబ్బులో చాలాభాగం చలికాలంలోనే వసూలవుతుంది. ఫిబ్రవరిలో కొంటే ఆ డబ్బు అమ్మినవాడి ఖాతాలో ఉంటుంది, ఆటలు నడిపే ఖర్చు మీ నెత్తిన పడుతుంది. ముందే వసూలైన మొత్తాన్ని ధరలోంచి మినహాయించుకోండి. చిన్న వాటాదారుగా చేరేవాళ్లు భాగస్వామ్య పత్రంలో మూడు చూడాలి: అదనపు పెట్టుబడి అడిగే హక్కు ఎవరిది, ఇవ్వకపోతే మీ వాటా ఎంత కోసుకుపోతుంది, లాభం వచ్చిన ఏడాది పన్ను కట్టడానికైనా సరిపడా పంచుతారా. ఈ మూడోది లేకపోతే, చేతికి పైసా రాని లాభానికి పన్ను జేబులోంచి కట్టాల్సి వస్తుంది.