పగటి సౌరవిద్యుత్తును రాత్రి వేడిగా వాడుకోవడానికి టన్ను ఇసుక నిల్వ: కట్టే పద్ధతి

ఫిన్లాండ్‌లోని కంకాన్‌పా పట్టణంలో 2022 నుంచి ఒక ఉక్కు గాదె పనిచేస్తోంది. పోలార్ నైట్ ఎనర్జీ సంస్థ కట్టిన ఆ గాదెలో సుమారు 100 టన్నుల ఇసుక ఉంది. చవకగా దొరికే వేళల్లో విద్యుత్తుతో గాలిని కాచి, ఆ గాలిని గొట్టాల ద్వారా ఇసుకలోకి పంపి, దాదాపు 8,000 యూనిట్ల (యూనిట్ అంటే ఒక కిలోవాట్-అవర్) వేడిని అందులో నిల్వ చేసి, ఆ వేడిని ఊరి ఇళ్లను వెచ్చబెట్టే వేడినీటి వ్యవస్థకు అందిస్తారు. 2025లో పోర్నైనెన్ అనే ఊళ్లో ఇదే సంస్థ బలపపు రాయి పొడితో 2,000 టన్నుల నిల్వను కట్టింది. ఈ రెండు చోట్లా నిల్వ చేసిన వేడిని వేడిగానే వాడుతున్నారు. ఈ పద్ధతికి ప్రాణం అదే. చిన్న నిల్వలోని 300 డిగ్రీల వేడిని తిరిగి విద్యుత్తుగా మార్చబోతే అందులో చాలా భాగం వృథా అవుతుంది కాబట్టి, ఆ ఆలోచనతో ఎవరూ ఈ పనికి పూనుకోకూడదు.

మన ప్రాంతంలో ఇళ్లను వెచ్చబెట్టే అవసరం లేదు, పంటను ఆరబెట్టే అవసరం ఉంది. పగలు కళ్లంలో ఆరిన మిరప రాత్రి తేమను మళ్లీ పీల్చుకుంటుంది. సరిగా ఆరని కాయలకు బూజు పట్టి, అఫ్లటాక్సిన్ అనే విషపదార్థం చేరే ప్రమాదం ఉంది. అందుకే రాత్రంతా 60 డిగ్రీలు మించని వెచ్చని గాలిని అందించగల ఒక టన్ను నిల్వను ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాను.

ముందుగా లెక్క చూసుకోవాలి. కిలో ఇసుకను ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 0.8 కిలోజౌళ్లు పడుతుంది. ఆ ప్రకారం ఒక టన్ను ఇసుక 100 నుంచి 300 డిగ్రీలకు చేరేసరికి దాదాపు 44 యూనిట్ల వేడి అందులో చేరుతుంది. పంటలోంచి 20 కిలోల నీటిని ఆవిరి చేయడానికి 13 యూనిట్లు పైబడి కావాలి. వేడిగాలి డ్రయ్యర్లలో సగం వేడి గాలితోపాటే బయటికి పోతుందనుకుంటే 27 యూనిట్లు అవసరమవుతాయి. నిల్వలో జరిగే నష్టాన్ని కలుపుకుంటే రోజుకు 33 యూనిట్లు ఎక్కించాలి, అంటే దాదాపు 8 కిలోవాట్ల ప్యానెళ్లు కావాలి. ఇది చిన్న ఖర్చు కాదు. పగటిపూట మిగులు విద్యుత్తు ఇప్పటికే ఉన్నచోట మాత్రమే ఈ నిల్వ లాభసాటి అని నా అభిప్రాయం.

ఇసుక విషయంలో పట్టింపు అక్కర్లేదు. నది ఇసుకే కావాలని లేదు, ఎం-శాండ్ (రాతిని పిండి చేసి తయారుచేసే ఇసుక) గానీ గ్రానైట్ క్వారీల రాతిపొడి గానీ సరిపోతుంది. ఉప్పు ఉక్కును తినేస్తుంది కాబట్టి సముద్రపు ఇసుక మాత్రం వద్దు. ఇసుకను నింపే ముందు ఎండలో పలుచగా పరచి బాగా ఆరబెట్టాలి. టన్నులో 5 శాతం తేమ ఉన్నా, ఆ 50 కిలోల నీటిని ఆవిరి చేయడానికే 35 యూనిట్లు ఖర్చవుతాయి. జల్లించేటప్పుడూ పోసేటప్పుడూ లేచే సిలికా ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తుంది కాబట్టి ఎన్-95 మాస్కు తప్పనిసరి.

అసలు కష్టమంతా గొట్టాల అమరికలో ఉంది. బొరుగుల బట్టీలో ఇసుకను ఎడతెగకుండా కలుపుతుంటారు కనుక వేడి అంతటా సమానంగా పాకుతుంది. గాదెలో ఇసుక కదలదు, పైగా పొడి ఇసుక వేడిని చాలా నెమ్మదిగా పాకనిస్తుంది. ఎండ బలంగా ఉండే ఆరు గంటల్లో వేడి గొట్టం నుంచి సుమారు 6, 7 సెంటీమీటర్ల దూరమే చొరబడుతుంది. అందువల్ల గొట్టానికీ గొట్టానికీ మధ్య దూరం 12 సెంటీమీటర్లు దాటకూడదు. 95 సెంటీమీటర్ల వ్యాసం, ఒక మీటరు ఎత్తు గల ఉక్కు డ్రమ్ములో 40 మిల్లీమీటర్ల గొట్టాలు నిలువుగా యాభై దాకా పడతాయి. అవి పూత లేని మామూలు ఉక్కు (ఎం.ఎస్.) పైపులై ఉండాలి. జి.ఐ. పైపుల మీది జింకు పూత ఈ వేడికి పాడవుతుంది, ఆ గాలి తగిలేది తినే పంటకు.

తరువాతి పని వేడి బయటికి పోకుండా కాపాడడం. డ్రమ్ము చుట్టూ, కిందా పైనా 30 సెంటీమీటర్ల మందాన రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన, వేడిని ఆపే ఉన్ని) ఉంటే, 300 డిగ్రీల వద్ద 350 నుంచి 400 వాట్ల వేడి బయటికి పోతుంది. 10 సెంటీమీటర్లతో సరిపెడితే ఆ నష్టం 800 వాట్లు దాటుతుంది. థర్మోకోల్ ఈ వేడికి కరిగిపోతుంది కనుక దాన్ని వాడనే కూడదు. కొలతలన్నీ రెట్టింపైతే ఇసుక ఎనిమిది రెట్లవుతుంది గాని వేడి పోయే ఉపరితలం నాలుగు రెట్లే అవుతుంది కాబట్టి, పెద్ద నిల్వల్లో వేడి వారాల తరబడి నిలుస్తుంది, చిన్నవాటిలో అంతకాలం నిలవదు.

హీటరును గాలి దారిలో, డ్రమ్ము పైభాగాన అమర్చాలి. వేడి ఎక్కించేటప్పుడు గాలి పైనుంచి కిందికి, తీసుకునేటప్పుడు కిందినుంచి పైకి పోవాలి. అప్పుడు పైపొర ఎప్పుడూ బాగా వేడిగా ఉంటుంది. బ్లోయరు మోటారు వేడిగాలి దారికి బయట ఉండాలి. బ్లోయరు ఆగితే హీటరు దానంతటదే ఆగిపోయే ఏర్పాటు లేకుండా స్విచ్ వేయకూడదు. రెండు చివరలా మూతలు కూడా కావాలి. అవి లేకపోతే బ్లోయరు ఆపాక కూడా గొట్టాలన్నీ పొగగొట్టాల్లా పనిచేసి వేడిని పైకి వదిలేస్తాయి. బయటికి వచ్చే గాలిలో తగినంత చల్లగాలిని కలిపి, 60 డిగ్రీలకు దించాకే పంట మీదికి పంపాలి.

మొదటిసారి వేడి చేసేటప్పుడు తొందర పనికిరాదు. ఆవిరి పోవడానికి డ్రమ్ము పైన రంధ్రం వదిలి, 120 డిగ్రీల దగ్గర ఆపి, ఆవిరి పూర్తిగా తగ్గాకే పైకి వెళ్లాలి. కొత్త రాక్‌వూల్ నుంచి మొదట పొగ వస్తుంది కాబట్టి ఈ పని ఆరుబయటే చేయాలి. ఆ తరువాత ఒక రాత్రి ఏమీ వాడకుండా మూతలు వేసి ఉంచి, పైన, మధ్యన, కింద ఉంచిన థర్మోకపుల్స్‌తో (ఎక్కువ వేడిని కొలిచే తీగలతో) సాయంత్రం ఒకసారి, పన్నెండు గంటల తరువాత మరోసారి ఉష్ణోగ్రత చూడాలి. మూడింటి సగటు 20 డిగ్రీల వరకు తగ్గడం సహజం. 30 దాటితే, గొట్టాలు రాక్‌వూల్‌ను దాటి బయటికి వచ్చే చోట్లలో ఎక్కడో సందు ఉన్నట్టే కాబట్టి, ముందు అక్కడే వెతికి కప్పాలి.