అడుగు వేటలో ఫిష్ ఫైండర్‌ను చదవడం

ఒడిశాలోని గోపాలపురం, సోనాపురం తీరాల నుంచి వేటకు వెళ్లే మన తెలుగు మత్స్యకారులలో పాతతరం వారు ఒడ్డున కనిపించే కొండలనూ చెట్లనూ వరుస కలుపుకొని రాతి నేల ఉన్న చోటును పట్టేవారు. సీసపు గుండు అడుగును తాకిన తీరును బట్టి అక్కడ రాయి ఉందో బురద ఉందో చేతితోనే చెప్పేవారు. గాలంతో అడుగు వేట చేసేవారు, అంటే సముద్రపు నేల దగ్గర ఉండే చేపలను పట్టేవారు, శబ్దపు ప్రతిధ్వనితో నేలనూ చేపలనూ తెర మీద చూపే ఫిష్ ఫైండర్‌ను కూడా ఇదే క్రమంలో, ముందు నేలను, తరువాత చేపను చూస్తూ చదవాలి.

పడవ అడుగున ఉన్న ట్రాన్స్‌డ్యూసర్ పంపే శబ్దం సముద్రపు నీటిలో సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగంతో వెళ్లి తిరిగి వస్తుంది కనుక 75 మీటర్ల లోతు నుంచి ప్రతిధ్వని రావడానికి సెకనులో పదో వంతు పడుతుంది. కొత్తగా వచ్చిన ప్రతిధ్వని తెర కుడి అంచున పడి, పాతవి ఎడమకు జరుగుతాయి. అంటే ఎడమవైపు కనిపించేది పడవకు ఎడమన ఉన్న సముద్రం కాదు, గడిచిపోయిన సమయం. కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

నదుల మొగల ఎదుట పేరుకునే బురద శబ్దాన్ని పీల్చుకుంటుంది కనుక తెర మీద దాని గీత బలహీనంగా, మసకగా వస్తుంది. రాతి నేల గీత ప్రకాశవంతంగా ఉండి, శబ్దం నీటి ఉపరితలానికీ నేలకూ మధ్య రెండుసార్లు తిరగడం వల్ల సరిగ్గా రెట్టింపు లోతులో రెండో గీత కూడా కనిపిస్తుంది. దీనిని చూడాలంటే 40 మీటర్ల నీటిలో తెర పరిధిని 100 మీటర్లకు పెట్టాలి. రెండు చోట్లను పోల్చేటప్పుడు, ప్రతిధ్వనిని పెంచి చూపే అమరిక అయిన గెయిన్‌ను మాత్రం కదపకూడదు. దానిని పెంచితే బురద కూడా రాయిలాగే కనిపిస్తుంది.

అడుగు వేటకు 50 కిలోహెర్ట్జ్ కన్నా 200 కిలోహెర్ట్జ్ శబ్ద పౌనఃపున్యం మేలని నా అభిప్రాయం. శబ్దం గరాటు ఆకారంలో దిగుతుంది. 20 డిగ్రీల గరాటు 60 మీటర్ల లోతున దాదాపు 21 మీటర్ల వెడల్పు ఉంటుంది. దాని అంచున నేలకు ఒక మీటరు లోపు ఎత్తులో ఉన్న చేప, నడిమి నేల ప్రతిధ్వనిలోనే కలిసిపోతుంది. తక్కువ పౌనఃపున్యంలో గరాటు సాధారణంగా ఇంకా వెడల్పుగా ఉంటుంది; అది 45 డిగ్రీలైతే కనబడని ఎత్తు దాదాపు 5 మీటర్లవుతుంది, మనకు కావలసిన చేప ఉండేది అక్కడే. రాతి గుట్టల మధ్య పల్లాలు కూడా ఇదే కారణంగా మరుగున పడతాయి. అందుకే నేల దగ్గరి కొద్ది మీటర్లను పెద్దది చేసి చూపే బాటమ్ జూమ్‌ను వాడి, నేల గీతకు అంటుకొని ఉబ్బెత్తుగా వచ్చే మచ్చలను జాగ్రత్తగా గమనించాలి.

పడవ నడుస్తున్నప్పుడు చేప విల్లులా కనిపిస్తుంది. లంగరు వేసి ఉన్నప్పుడు అదే చేప, కింద నిలిచి ఉన్నంతసేపూ, పొడవైన గీత గీస్తుంది. ఆ పొడవును చూసి పెద్ద చేప అనుకోరాదు. గీత మందమూ రంగూ చూడాలి. ప్రతిధ్వనిని ఎక్కువగా ఇచ్చేది చేపలోని గాలితిత్తి కనుక, అది లేని టేకు చేప, సొరచేప వంటివి తమ పరిమాణానికి తగినంత బలంగా కనబడవు. పరికరం తానుగా వేసే చేప బొమ్మలను ఆపివేయడం మంచిది, ఎందుకంటే నీటిలో తేలే చెత్తకూ బుడగలకూ కూడా అది చేప బొమ్మే వేయవచ్చు.

రాయి తెర మీద కనిపించేసరికి పడవ దాని మీదికి వచ్చేసి ఉంటుంది, తరచు దాటి కూడా పోతుంది. అప్పుడే గాలం వదలక, ఆ చోటును జీపీఎస్‌లో గుర్తు పెట్టుకొని, పడవ కొట్టుకుపోయే దిశకు ఎదురుగా కొంత దూరం వెళ్లి, గుండు అడుగు చేరేసరికి పడవ రాయి మీద ఉండేలా వదలాలి. నీరు నెమ్మదిగా ఉంటే దిగుతున్న గుండే తెర మీద వాలు గీతగా కనిపిస్తుంది. అది కనిపించకపోతే ప్రవాహం తాడును గరాటు బయటకు ఈడ్చుకుపోయిందని గ్రహించి, ఇంకా బరువైన గుండు కట్టాలి.