ఎండల్లో ఊరెళ్ళే ముందు లాప్‌టాప్ నిజంగా పడుకుందో లేదో చూసుకోండి

పోయిన వేసవి సెలవులకు కాకినాడ వెళ్దామని గౌతమి ఎక్కాం. పై బెర్తులో లాప్‌టాప్ బ్యాగునే దిండుగా పెట్టుకుని పడుకున్నాను. కాజీపేట దాటాక చెవి కింద వెచ్చగా తగిలింది. ఏసీ బోగీలో దిండు వెచ్చబడడమేమిటని జిప్ తీస్తే లోపల్నుంచి ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డట్టు వేడి కొట్టింది. ఫ్యాను గుయ్యిమంటోంది. సాయంత్రం నిండా ఛార్జి చేసిన బ్యాటరీ 31 శాతానికి వచ్చింది. మూత మాత్రం ఇంట్లోనే మూసేశాను, ఆ సంగతి బాగా గుర్తు.

ఊళ్ళో దిగాక, సిస్టమ్ జరిగిందంతా రాసుకునే లాగ్ తీసి చూశాను. నాది లైనక్స్ లాప్‌టాప్. టాస్కుల్ని, అంటే నడుస్తున్న ప్రోగ్రాముల్ని, ఫ్రీజ్ చేద్దామని 20 సెకన్లు చూశాను, ఒక టాస్క్ ఒప్పుకోలేదు, కాబట్టి నిద్ర రద్దు అని లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్ రాసిపెట్టింది. అదే మాట మళ్ళీ మళ్ళీ, పేజీలకు పేజీలు. ఒప్పుకోనిది ఎవరా అంటే ఫైల్ మేనేజర్. ఇంట్లో టీవీ పక్కన ఒక నాస్ డబ్బా ఉంది, అంటే నెట్‌వర్క్ మీద ఇంట్లో అందరూ వాడుకునే స్టోరేజీ. అందులోని ఫొటోల ఫోల్డర్ తెరిచి, థంబ్‌నెయిల్స్ ఇంకా వస్తుండగానే మూత దించేసి ఆటో ఎక్కానన్నమాట.

మళ్ళీ ఎండాకాలం వస్తోంది. మే నెలలో బస్సు డిక్కీలోనో కారు వెనక సీట్లోనో మెలకువగా ఉన్న లాప్‌టాప్‌ను బ్యాగులో కుక్కితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. మ్యాక్‌బుక్‌ను 35 డిగ్రీల లోపే వాడమని ఆపిల్ చెబుతుంది. ఆపి పక్కన పెట్టినా 45 దాటనివ్వొద్దంటుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో బయటి గాలే ఆ అంకెను తాకే రోజులుంటాయి. అందుకే బయల్దేరే ముందు రోజే ఈ పని చూసుకోండి, ఆటో వచ్చి హారన్ కొడుతున్నప్పుడు కాదు.

అసలు ఎక్కడ ఇరుక్కుంటుంది

మూత మూయగానే లాప్‌టాప్ పడుకుంటుందని మనం అనుకుంటాం. నిజానికి మూత మూయడం పడుకోమని చెప్పడం మాత్రమే. లైనక్స్‌లో ఆ మాట వినగానే నెట్‌వర్క్ మేనేజర్ ముందు వైఫై కట్ చేస్తుంది. ఆ తర్వాత కెర్నల్ ఒక్కో ప్రోగ్రామ్‌ను ఎక్కడిదక్కడ ఆపుతూ వస్తుంది. అన్నీ ఆగితేనే నిద్ర. ఇంటికి తాళం వేయబోతుంటే ఒకాయన లోపల ఫోన్ చెవిన పెట్టుకుని "ఆగండి, లైన్లో ఉన్నా" అంటాడు చూడండి, అవతల ఎప్పుడో పెట్టేసినా సరే. నెట్‌వర్క్ షేర్ నుంచి, అంటే నాస్ లాంటి అవతలి సర్వర్ పంచిన ఫోల్డర్ నుంచి, ఫైల్ చదువుతున్న ప్రోగ్రామ్ సరిగ్గా అలాగే ఉంటుంది. సర్వర్ జవాబు కోసం ఎదురుచూస్తుంటుంది, జవాబు వచ్చే వైఫై మాత్రం పోయింది. అలాంటి షేర్‌ను మన సొంత ఫోల్డర్‌లా తగిలించుకోవడాన్ని మౌంట్ అంటారు. ఎన్‌ఎఫ్‌ఎస్ రకం షేర్లయితే మామూలుగా హార్డ్ మౌంట్ పద్ధతిలో ఉంటాయి, అంటే సర్వర్ పలికేదాకా అడుగుతూనే ఉంటాయి, విసుగన్నది లేదు. విండోస్ షేర్లను లైనక్స్‌లో మౌంట్ చేసే సిఫ్స్‌తోనూ ఇదే బాధ.

చికాకేమిటంటే ఇది ప్రతిసారీ జరగదు. షేర్ ఊరికే మౌంట్ అయి ఉండి, దాన్ని ఎవరూ ముట్టుకోకపోతే లాప్‌టాప్ హాయిగా పడుకుంటుంది. తొమ్మిది రోజులు బాగానే ఉంటుంది, పదో రోజు బ్యాకప్ ప్రోగ్రామో ఫొటో ఇండెక్సరో అదే క్షణంలో షేర్‌లో తల దూర్చి ఉంటుంది. ఆ పదో రోజు మన ప్రయాణం.

బయల్దేరే ముందు

వరస ముఖ్యం. ముందు షేర్ విడదీయాలి, తర్వాత వైఫై, ఆ తర్వాతే మూత. మనం చేసేది సాధారణంగా దీనికి తలకిందులు.

షేర్ మీద తెరిచిన ఫైళ్ళన్నీ సేవ్ చేసి మూసేయండి. దారిలో కావలసినవి ఉంటే లాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాత టెర్మినల్‌లో యూమౌంట్ కమాండ్‌తో షేర్‌ను విడదీయండి. "టార్గెట్ బిజీ" అని మొరాయిస్తే కంగారు పడకండి, చాలాసార్లు దోషి మీరు తెరిచిన ఆ టెర్మినలే. సీడీ కొట్టి అదే ఫోల్డర్‌లోకి వెళ్ళి కూర్చుని, అక్కణ్ణుంచే దాన్ని విప్పమంటే ఎలా విప్పుతుంది? నేనే ఎన్నిసార్లు చేశానో. ఇంకెవరు పట్టుకున్నారో ఫ్యూజర్ కమాండ్ చెబుతుంది.

షేర్ బతికి ఉందో లేదో తెలుసుకోవడానికి నా పద్ధతి ఒకటుంది. టెర్మినల్‌లో డీఎఫ్ అనే కమాండ్ కొడతాను. మామూలుగా డిస్కుల జాబితా రెప్పపాటులో వస్తుంది. షేర్ చచ్చి ఉంటే రెండు మూడు సెకన్లయినా ఏమీ రాదు, కర్సర్ ఒక్కటే ఖాళీ లైన్లో మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. అలా ఆగిందంటే ఆ స్థితిలో మూత మూయకండి. నడుస్తున్న ప్రోగ్రాముల్ని చూపే పీఎస్ కమాండ్ జాబితాలో స్టాట్ అనే గడిలో డీ అక్షరం ఉన్న ప్రోగ్రామ్ కోసం వెతకండి, జవాబు కోసం బిగుసుకుపోయింది అదే. దాన్ని కిల్ చేస్తే చావొచ్చు, చావకపోవచ్చు. చావకపోతే లాప్‌టాప్‌ను మళ్ళీ అదే వైఫైకి కలపండి. సర్వర్ పలికితే ముడి దానంతటదే విడిపోతుంది. అదీ కుదరకపోతే రీస్టార్ట్, సిగ్గుపడాల్సిన పనేమీ లేదు.

లేజీ యూమౌంట్ అనే చిట్కా చాలామంది చెబుతారు. దాంతో షేర్ కళ్ళముందు నుంచి మాయమవుతుంది, నిజమే. కానీ లోపల ఇరుక్కున్న ప్రోగ్రామ్ ఇరుక్కునే ఉంటుంది. చెత్తను మంచం కిందికి తోయడం లాంటిదది. ఇంకేదీ లేనప్పుడు వాడుకోండి.

నిద్రకు ముందు షేర్ దానంతటదే విడిపోయేలా సిస్టమ్‌డీ స్లీప్ ఫోల్డర్‌లో స్క్రిప్ట్ పెడతాం అంటారా? నేనూ పెట్టాను, దెబ్బ తిన్నాను. ఆ స్క్రిప్ట్ వంతు వచ్చేసరికి నెట్‌వర్క్ మేనేజర్ వైఫైని కట్ చేసి ఉండొచ్చు. అప్పుడు యూమౌంట్ కూడా వెళ్ళి అదే క్యూలో నిలబడుతుంది. శాశ్వతంగా బాగుపడాలంటే ఏది ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఆ షేర్ లైన్‌కు నోఆటో, ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్ అనే ఆప్షన్లు పెట్టి, ఐడిల్ టైమౌట్ 60 సెకన్లు ఇవ్వండి. ఫోల్డర్‌ను ముట్టుకున్నప్పుడే షేర్ మౌంట్ అవుతుంది, నిమిషం పాటు ఎవరూ ముట్టుకోకపోతే దానంతటదే విడిపోతుంది. ఈ మార్పు చేశాక నా లాప్‌టాప్ లాగ్‌లో ఆ 20 సెకన్ల మాట మళ్ళీ కనబడలేదు. సాఫ్ట్ మౌంట్ అనే ఆప్షన్ కూడా ఉంది, కొన్ని ప్రయత్నాల తర్వాత ఎర్రర్ ఇచ్చి వదిలేస్తుంది. పాటలు, సినిమాలు చదవడానికైతే పర్వాలేదు. రాతలు జరిగే షేర్‌కు మాత్రం వద్దు, సగం రాసిన ఫైల్ చెడిపోయే ప్రమాదం ఉంది.

విండోస్ వాళ్ళకు

ఇక్కడ కథ తిరగబడుతుంది. మీ లాప్‌టాప్ ఎవరి షేర్‌నో పట్టుకోవడం కాదు, మీ షేర్‌ను ఇంకెవరో పట్టుకుంటారు. మా అక్క ఒకరోజు ఫోన్ చేసి, "ఒరేయ్ తమ్ముడూ, వదిలేస్తే అదే పడుకునేది కదరా, ఇప్పుడు తెల్లారిందాకా లైటు వెలుగుతూనే ఉంటోంది" అంది. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిపించి, పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి రిక్వెస్ట్స్ అని కొట్టమన్నాను. మిగతా అన్నింటి కింద "నన్" అని ఉంది, సిస్టమ్ కింద మాత్రం ఎస్‌ఆర్‌వీనెట్ అనే డ్రైవర్ పేరు. పక్కనే, ఒక రిమోట్ క్లయింట్ ఈమధ్యే ఈ మెషీన్‌కు రిక్వెస్టులు పంపింది అనే వివరణ.

"రిమోట్ క్లయింట్ అంటే ఎవర్రా, హ్యాకరా?" అని అక్కకు టెన్షన్. హ్యాకర్ కాదు, హాల్లో టీవీ. బావ సినిమాల ఫోల్డర్ షేర్ చేసి పెట్టారు, టీవీలోని ప్లేయర్ కొత్త సినిమా వచ్చిందేమోనని ఉండుండి తొంగిచూస్తోంది. కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో షేర్డ్ ఫోల్డర్స్ కింద సెషన్స్ చూస్తే ఎవరు కలిసి ఉన్నారో కనిపిస్తుంది. ఆ ఫోల్డర్ షేరింగ్ తీసేయడమే మంచి మందు. పవర్‌సీఎఫ్‌జీలో రిక్వెస్ట్స్ఓవర్‌రైడ్ అని ఒకటుంది, ఈ డ్రైవర్ మాట పట్టించుకోవద్దని విండోస్‌కు చెప్పొచ్చు. కానీ అప్పుడు ఇంకెవరో పెద్ద ఫైల్ కాపీ చేసుకుంటుండగా మీ లాప్‌టాప్ గుర్రుకొడుతుంది. పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో మల్టీమీడియా కింద "మీడియా షేర్ చేస్తున్నప్పుడు" అనే వరస కనిపిస్తే దాన్నీ ఒకసారి చూడండి.

ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. ఈ రిక్వెస్టులు ఆపేది వదిలేస్తే దానంతటదే వచ్చే నిద్రను. మూత మూసినా బ్యాగులో వేడెక్కుతోందంటే అది వేరే గొడవ. కొత్త లాప్‌టాప్‌లలో చాలా వాటికి మోడర్న్ స్టాండ్‌బై ఉంటుంది. ఫోన్‌లాగా సగం కునుకే, పూర్తి నిద్ర కాదు. మీదేదో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ చెబుతుంది. అందుబాటులో ఉన్నవాటి జాబితాలో ఎస్0 అని వస్తే అది మోడర్న్ స్టాండ్‌బై, అప్పుడు ప్రయాణానికి నిద్రను నమ్మకండి, హైబర్నేట్ పెట్టుకోండి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ బటన్ల పేజీకి వెళ్తే మూత మూసినప్పుడు హైబర్నేట్ అని ఎంచుకోవచ్చు. మెమరీలో ఉన్నదంతా డిస్కు మీద రాసేసి మెషీన్ ఆగిపోతుంది, వేడి పుట్టదు.

మ్యాక్‌లో బ్యాటరీ ఆప్షన్లలో "నెట్‌వర్క్ యాక్సెస్ కోసం మేల్కొను" అనేది నెవర్ చేయండి, ఫైండర్‌లో సర్వర్ పక్కనున్న ఎజెక్ట్ గుర్తు నొక్కండి, చాలు.

ముందు రాత్రి పరీక్ష

ఇంట్లో ఎలా వాడతారో అలాగే వాడుతూ, షేర్ విప్పి మూత మూయండి. ఒక నిమిషం ఆగి చెవి ఆనించండి. ఫ్యాను వినిపించకూడదు. పవర్ లైట్ ఆరిపోవాలి, లేదా మీ మోడల్‌ను బట్టి మెల్లగా వెలిగి ఆరుతుండాలి. ఛార్జర్ తీసేసి, బ్యాటరీ శాతం కాగితం మీద రాసుకుని పడుకోండి. 92 ఉన్నది పొద్దున 90 చూపిస్తే సరే. 60 చూపిస్తే రాత్రంతా మెలకువగా ఉన్నట్టే, ఆ లాప్‌టాప్‌ను షట్‌డౌన్ చేసే తీసుకెళ్ళండి. బయటి మానిటర్ తగిలించి పరీక్ష చేయకండి. మానిటర్ ఉంటే మూత మూసినా పడుకోకుండా ఉండేలా చాలా లాప్‌టాప్‌లకు సెట్టింగ్ ఉంటుంది.

అమెరికా నుంచో గల్ఫ్ నుంచో సెలవులకు వచ్చేవాళ్ళు, లాప్‌టాప్‌ను చెక్-ఇన్ సూట్‌కేసులో వేయక తప్పకపోతే పూర్తిగా ఆపేయాలి. విమానయాన నిబంధనల ప్రకారం అక్కడ నిద్రే కాదు, హైబర్నేట్ కూడా పనికిరాదు. అసలు చేతి బ్యాగులోనే పెట్టుకోవడం మేలు.

ఇక ఊరు చేరాక. మూత తెరవగానే అలవాటు కొద్దీ ఆ ఫొటోల ఫోల్డర్ మీద నొక్కకండి. నాస్ 500 కిలోమీటర్ల అవతల ఉంది, ఫైల్ మేనేజర్ మళ్ళీ బిగుసుకుపోతుంది, తిరుగు ప్రయాణంలో మళ్ళీ అదే బాధ. నేను సైడ్‌బార్‌లో ఆ బుక్‌మార్క్‌నే తీసేశాను.