పేపర్ వార్తను ఫోన్ వార్తగా మార్చడం ఎలా?

రాత్రి డెస్కులో దిద్దిన వార్తనే మళ్లీ ఫోన్‌కు తిరగరాయడం ఇప్పుడు ప్రతి సబ్ ఎడిటర్‌కూ తప్పని పని. చిన్న పనే కదా అని కొత్తగా చేరినవాళ్లకు అప్పగిస్తారు. వాళ్లేమో పేపర్లో వచ్చింది వచ్చినట్టు అతికించి, పైన ‘షాకింగ్’ అని తగిలించి వదిలేస్తారు. అలాంటివి చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను. కాలనీ గ్రూపులో వార్తలు పెట్టేవాళ్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

కావలసినవి: వార్త, ఫోన్, ఇరవై నిమిషాలు. వార్త ‘అను’ ఫాంట్లలో (పేజీలు పెట్టడానికి పత్రికలు వాడే పాత రకం తెలుగు ఫాంట్లు) ఉంటే ముందు యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లన్నీ చదవగలిగే అక్షరాల్లోకి మార్చుకోండి, లేకపోతే ఫోన్లో పిచ్చిగీతలు కనిపిస్తాయి. మార్చాక ఒత్తులు సరిగా పడ్డాయో లేదో చూసుకోండి.

1. మొదటి వాక్యాన్ని విరగ్గొట్టండి

పేపర్లో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్నీ ఒకే వాక్యంలో కూరేస్తాం. ఫోన్లో అదే మూడు వాక్యాలు కావాలి. ఒక్కోటి పన్నెండు మాటలు దాటకూడదు. పదమూడు కూడా వద్దు.

2. మాటలు మార్చండి

‘దుర్మరణం పాలయ్యారు’ తీసేసి ‘చనిపోయారు’ అనండి. ‘హుటాహుటిన ఘటనా స్థలానికి చేరుకుని’ అక్కర్లేదు, ‘అక్కడికి వెళ్లి’ చాలు. కూలీ పోతే ‘చనిపోయాడు’, కాంట్రాక్టర్ పోతే ‘చనిపోయారు’ అనే పేపర్ అలవాటును ఫోన్లోకి మోసుకురాకండి. ఇద్దరికీ ‘రు’ పెట్టండి.

ఫోన్లొచ్చి తెలుగు పాడైపోయిందని వాపోయేవాళ్లు మా డెస్కులోనే ఉన్నారు. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం వాదించినప్పుడు, తాపీ ధర్మారావు ‘జనవాణి’ పత్రికను ఆ భాషలోనే నడిపినప్పుడు కూడా గ్రాంథికం పోతోందని బాధపడినవాళ్లున్నారు. అందుకని వాడుక మాటకు నేను భయపడను. కానీ ‘రచ్చ’, ‘ఫిదా’ వాడుక మాటలు కావు, ఊతపదాలు. ఇక ‘నెటిజన్లు’ అనే మాట నా చేతుల మీదుగా బయటికి పోదు. ఇద్దరు కామెంట్ పెడితే ‘నెటిజన్లు మండిపడుతున్నారు’ అని రాసేస్తున్నారు.

3. శీర్షిక

అందరూ బోల్తా పడేది ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

తెలుగు వాక్యానికి ప్రాణం తోకలో ఉంటుంది. క్రియ చివర్లో వస్తుంది. ‘లేదు’, ‘కాదు’ కూడా చివరే. ఆ మాట ఎవరన్నారో కూడా చాలాసార్లు చివర్లోనే తెలుస్తుంది. ఫోనేమో సరిగ్గా ఆ తోకనే కోస్తుంది. నోటిఫికేషన్లో నాలుగైదు మాటలు కనిపిస్తాయి, మిగతాది మూడు చుక్కలు. పేపర్లో శీర్షిక పొడవైతే రెండో లైనులోకి పోయేది, అర్థం ఎక్కడికీ పోయేది కాదు.

ఒక వానాకాలం రాత్రి, బడులకు సెలవని వాట్సాప్‌లో దొంగవార్త తిరుగుతుంటే దాన్ని ఖండిస్తూ నేనే ఒక శీర్షిక పెట్టాను: ‘రేపు జిల్లాలోని పాఠశాలలన్నింటికీ సెలవు అన్నది అబద్ధం: కలెక్టర్’. ఫోన్లలో కనిపించింది ‘రేపు జిల్లాలోని పాఠశాలలన్నింటికీ సెలవు…’ అంతే. తెరిచి చదివేదెవరు? దొంగవార్తకు మేమే ముద్ర వేసినట్టయింది. పొద్దున్నే డెస్కుకు ఫోన్ చేసిన తల్లుల మాటలు ఇక్కడ రాయలేను.

దిద్దుబాటు ఇలా: లేనిదాన్ని పట్టుకోకుండా ఉన్నదాన్ని ముందు చెప్పండి. ‘రేపు బడులున్నాయి: సెలవు ప్రచారం అబద్ధమన్న కలెక్టర్’. ఇప్పుడు తోక తెగినా నష్టం లేదు.

ఆరోపణ ఉన్న వార్తల్లో ఇది ఇంకా ప్రమాదం. ‘కోడలే చంపించిందని తండ్రి ఫిర్యాదు’ అని పెడితే, రెండో మాట దగ్గర తెగితే చాలు, ఆమె హంతకురాలైపోతుంది. ‘తండ్రి ఫిర్యాదు’ ముందుకు తెస్తే కొంత నయం. నన్నడిగితే ఆరోపణ శీర్షికలోకే రాకూడదు: ‘యువకుడి మృతిపై తండ్రి ఫిర్యాదు’. క్లిక్కులు తగ్గుతాయి. తగ్గనివ్వండి.

ఈ తోకనే కావాలని దాచేవాళ్లు ఇంకో రకం. ‘ఆ హీరో ఇంట్లో విషాదం.. ఏమైందంటే?’ అంటారు, తెరిచి చూస్తే పెంపుడు కుక్క పోయి ఉంటుంది. సంగతి దాచే శీర్షికలను న్యూస్ ఫీడ్‌లో వెనక్కి నెడతామని ఫేస్‌బుక్ 2016లోనే ప్రకటించింది. మనవాళ్ల ‘ఏమైందంటే’లు మాత్రం ఆగలేదు. శీర్షికలో ఇలా ‘..’ అని రెండు చుక్కలు పెట్టకండి. ఒక్కసారి కూడా.

అక్షరాలు లెక్కపెట్టుకుంటే చాలదా అని అడుగుతారు. చాలదు. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు ఆరు: మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడి దీర్ఘం. ఎక్స్‌లో (అప్పట్లో ట్విటర్) అక్షరాల పరిమితి 2017లో 140 నుంచి 280కి పెరిగినా, మన ఒత్తులన్నీ అందులో విడివిడిగానే లెక్కకొస్తాయి. ఇంగ్లిష్ శీర్షికను తెలుగు చేసి పెట్టేవాళ్ల పద్ధతి ఇంకా అధ్వానం. ఇంగ్లిష్‌లో క్రియ ముందే వచ్చేస్తుంది కాబట్టి చివర తెగినా విషయం తెలుస్తుంది. మనకు ఆ వెసులుబాటు లేదు.

నా పద్ధతి ఒకటే. శీర్షికను మా అమ్మ ఫోన్‌కు పంపుకుంటాను. ఆవిడ ఫోన్లో అక్షరాలు ఇంతింత ఉంటాయి, మూడు మాటలకే తెర నిండిపోతుంది. ఆ మూడు మాటలు అబద్ధం చెప్పకపోతే శీర్షిక బాగున్నట్టు. చెబితే మొత్తం కొట్టేసి మళ్లీ రాయండి, అతుకులు వేయకండి.

4. ఫొటో

ఆ ఘటనదే పెట్టండి. లేకపోతే అసలు పెట్టకండి.

5. తేదీ

పేపర్ మర్నాటికి పాతబడి పొట్లం అవుతుంది. ఫోన్ వార్త ఆరు నెలలు తిరిగి మళ్లీ ఇంటికొస్తుంది. అందుకే ‘నిన్న’, ‘నేడు’ తీసేసి తేదీ, నెల, ఏడాది రాయండి. పైన నేను దిద్దిన శీర్షికలో ఇంకా ‘రేపు’ ఉంది, చూశారా? అదీ తప్పే. ఇప్పటికీ గట్టిగా వాన పడితే ఎవరో ఒకరు నా పాత శీర్షికను మా కాలనీ గ్రూపులో పెడుతుంటారు. తోక తెగిందే.