డిజైన్ పేపర్ లేకుండా, ఉత్త కార్డ్‌స్టాక్‌తో ఆల్బమ్ పేజీ ఎలా చేయాలి?

ఒడిశాలోని మా బరంపురంలో స్టేషనరీ కొట్టుకి వెళ్లి కార్డ్‌స్టాక్ కావాలంటే అయోమయంగా చూస్తారు. దళసరి రంగు షీటు అనో, ఐవరీ షీటు అనో అడగండి, తీసిస్తారు. స్క్రాప్‌బుక్ అంటే ఫొటోలు, పాత టికెట్లు, ఉత్తరాలు అతికించి పక్కన నాలుగు కబుర్లు రాసుకునే ఆల్బమ్. దానికి పువ్వుల డిజైన్ పేపర్లే ఉండాలని చాలామంది బోలెడు డబ్బు పోస్తారు. అమ్మమ్మ పెళ్లి ఫొటో చుట్టూ గులాబీలు ముసురుకుంటే నాకు అమ్మమ్మ కనిపించదు. ఉత్త షీటే నయం.

ముందు షీటు

జిరాక్స్ కాగితం 70, 80 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క) ఉంటుంది. పేజీకి 250, పైన అతికించే ముక్కలకు 200 జీఎస్‌ఎం తీసుకోండి. యాసిడ్‌-ఫ్రీ అని రాసి ఉంటే మంచిది, లేకపోతే కాగితం పసుపెక్కి ఫొటోని కూడా పాడుచేస్తుంది. 22 × 28 అంగుళాల షీటు దొరికితే 11 అంగుళాల చదరాలు నాలుగు కోసుకోవచ్చు. 6 అంగుళాల వెడల్పు పట్టీ ఒకటి మిగులుతుంది. దాన్ని పారేయకండి, అసలు పనంతా దాంతోనే.

మడత పెట్టేముందు షీటుని రెండు వైపులా మెల్లగా వంచి చూడండి. ఎటు తేలిగ్గా వంగితే మడత అటే వేయాలి. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో, స్టీలు స్కేలు ఆనించి ఒక గీత నొక్కి, ఆ తర్వాత మడిస్తే అంచు పగలదు.

ఫొటో వెనక అంచు

4 × 6 ఫొటోకి నాలుగుంపావు, ఆరుంపావు కొలతల్లో ముక్క కోసి వెనక అతికిస్తే చుట్టూ సన్నని అంచు కనిపిస్తుంది. పిసినారి చిట్కా ఒకటి: ఫొటో కింద దాగిపోయే మధ్య భాగాన్ని, చుట్టూ ఒక సెంటీమీటరు వదిలి, ముందే కోసి తీసేయండి. ఇంకో చిన్న ఫొటోకి పనికొస్తుంది.

చింపడం, రుద్దడం

కొన్ని షీట్లకు రంగు పైపైనే ఉంటుంది, లోపల తెలుపు. వాటిని కత్తిరించకుండా మీ వైపు లాగుతూ చింపండి. ఒక ముక్కకు తెల్లటి గరుకు అంచు వస్తుంది. నీలం షీటుతో ఇలా మూడు పట్టీలు చింపి ఒకదానిమీద ఒకటి వేస్తే గోపాల్‌పూర్ కెరటాలు, నురగతో సహా. అదే షీటుని ఉప్పుకాగితంతో మూలల్లో రుద్దితే పాతబడిన కళ వస్తుంది.

పట్టుచీర అంచు

నాకు బాగా ఇష్టమైంది ఇది. మా ఊరి పట్టుకి ఫొడా అంచు పేరు, గుడి గోపురాలు వరసగా నిలబడినట్టుంటుంది. మొదటిసారి ఆ అంచు చేద్దామని పట్టీని విసనకర్రలా ఎనిమిది పొరలు మడిచి ఒక్క కత్తిరింపుతో కానిద్దామనుకున్నాను. దళసరి కాగితం కదా, కత్తెర జారింది. ఒక గోపురం పొడుగు, ఒకటి పొట్టి, పైగా ప్రతి గోపురానికీ నడుమ మడత గీత! ఇప్పుడు ఒకే గోపురం అచ్చు అట్టముక్కతో కోసుకుని, పట్టీ వెనక పెన్సిల్‌తో వరసగా గీసి, చిన్న కత్తెరతో కోస్తాను. గోపురానికి 2 సెంటీమీటర్ల అడుగు, 3 సెంటీమీటర్ల ఎత్తు. ఎర్ర పట్టీని పసుపు పట్టీ మీద, మొనలు పైకి ఉండేలా అతికించండి. సగం కోసేసరికి వేళ్లు నొప్పి పుడతాయి, మధ్యలో టీ తాగండి.

జేబు, రాతపట్టీ

మిగిలిన ముక్కకు మూడు వైపులా, రెండు పక్కలా అంటుకునే టేపు వేసి పేజీకి అతికిస్తే జేబు తయారు. నా దాంట్లో పర్లాకిమిడి చిన్న రైలు అట్ట టికెట్ ఉంది. 1900లో నౌపడ నుంచి మొదలైన ఆ సన్న పట్టాల లైను ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయిపోయింది.

అదే జేబులో పట్టేలా 2 అంగుళాల వెడల్పు పట్టీ కోసి, కబుర్లు దానిమీద రాయండి. మా పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. అందుకని ఒకవైపు తెలుగు, వెనక ఒడియా రాస్తాను. పైకి లాగడానికి కొసన చిల్లు పెట్టి దారం కట్టండి.

జిగురు

నీళ్ల జిగురు తక్కువ రాయండి. మాది సముద్రపు గాలి, వానాకాలంలో జిగురు ఆరదు. ఒకసారి పేజీ అప్పడంలా లేచిపోయింది. ఫొటోలకు రెండు పక్కలా అంటుకునే టేపే వాడండి. జిగురు తప్పనిచోట పలచగా పూసి, పైన తెల్లకాగితం పరిచి, బరువైన పుస్తకాలు నాలుగు పెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారాక కూడా మూల చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే, ఆల్బమ్‌లోకి ఎక్కించకండి.